పర్యవేక్షక ప్లగిన్ల హెచ్చరిక భాష: తెలుగు సందేశాల దోషాలు, పరిష్కరణ – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

కంప్యూటర్ వ్యవస్థల స్థితిని అనుక్షణం గమనించి చెప్పే చిన్న ప్రోగ్రాములను పర్యవేక్షక ప్లగిన్లు అంటారు. వీటిలో చాలావాటి మూలం అందరికీ తెరచి ఉంటుంది. ఎవరైనా దానిని చదివి, దోషం కనిపిస్తే సవరించి, ఆ సవరణను మూలంలో చేర్చమని పంపవచ్చు. ఈ పనిని కేవలం సాంకేతికమైనదిగా చూడటం అలవాటు. కానీ ప్లగిన్ చివరికి మనిషి ముందుంచేది ఒక వాక్యం. అందువల్ల దాని దోషాలలో కొన్ని భాషాదోషాలు. వాటిని తెలుగులో పరిష్కరించడానికి వ్యాకరణ పరిజ్ఞానం, పాఠపరిష్కరణ సంప్రదాయం రెండూ అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు తుపాను హెచ్చరికలను, రైలుదారిని, ఊరి పేర్ల విభక్తి రూపాలను ఇందుకు ఉదాహరణలుగా తీసుకుంటుంది.

కీలకపదాలు: హెచ్చరిక భాష, పర్యవేక్షక ప్లగిన్లు, స్థానికీకరణ, విభక్తి, పాఠపరిష్కరణ, తుపాను సంకేతాలు, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం:

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చే ప్రయత్నాలకు ఇప్పటికి రెండు దశాబ్దాల చరిత్ర ఉంది. 2005లో మొదలైన 'స్వేచ్ఛ' వంటి ఉద్యమాలు తెలుగు తెరను, తెలుగు మెనూలను సాధ్యం చేశాయి. ఈ కృషిపై వచ్చిన చర్చ చాలావరకు పారిభాషిక పదాల చుట్టూ తిరిగింది. 'ఫైలు' అనాలా, 'దస్త్రం' అనాలా? 'సేవ్' అనాలా, 'భద్రపరచు' అనాలా? ఈ ప్రశ్నలు అవసరమైనవే. అయితే మెనూలోని మాట తప్పయినా వాడుకరి కాసేపటికి అలవాటు పడతాడు, పని ఆగదు. హెచ్చరికలోని మాట తప్పయితే పరిస్థితి వేరు. అర్ధరాత్రి ఒక సందేశాన్ని చూసి లేవాలా, తెల్లవారేదాకా ఆగవచ్చా అన్నది ఆ ఒక్క మాట మీద ఆధారపడుతుంది. హెచ్చరిక భాష విమర్శకుల దృష్టికి అంతగా రాలేదు. ఆ లోటును కొంతైనా పూరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడ పరిశీలనకు తీసుకున్నది నాగియోస్ పరంపరకు చెందిన ప్లగిన్ల వాక్యస్వరూపం. ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో 'నెట్‌సెయింట్' పేరుతో విడుదల చేసిన పర్యవేక్షణ వ్యవస్థ 2002లో 'నాగియోస్'గా పేరు మార్చుకొంది. 2009లో దాని నుండి 'ఐసింగా' విడివడింది. 2014 జనవరిలో ప్లగిన్ల అభివృద్ధి బృందం 'మానిటరింగ్ ప్లగిన్స్' అన్న కొత్త పేరు తీసుకోగా, 'నాగియోస్ ప్లగిన్స్' అన్న పాత పేరుతో మరొక ధార కొనసాగింది. ఒకే మూలగ్రంథం రెండు ప్రతిపరంపరలుగా చీలడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఈ ధారలు వేరైనా ప్లగిన్ మాట్లాడే పద్ధతి మాత్రం ఒక్కటే.

2. ప్లగిన్ వాక్యస్వరూపం:

ప్లగిన్ ఒక ప్రశ్నకు జవాబు. డిస్కులో ఖాళీ ఎంత? యంత్రంపై భారం ఎంత? ఫలానా సర్వరు పలుకుతున్నదా? ఈ ప్రశ్నలలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్లగిన్ ఉంటుంది. జవాబులో మూడు భాగాలు. మొదటిది సంఖ్య: 0 అయితే ఓకే, 1 అయితే వార్నింగ్, 2 అయితే క్రిటికల్, 3 అయితే అన్‌నోన్. ఇది తెరపై కనిపించదు. పర్యవేక్షణ వ్యవస్థ దీనినే నమ్ముతుంది. రెండవది మనిషి చదివే వాక్యం. మూడవది ఒక నిలువుగీత తరువాత వచ్చే కొలతలు. ఇవి గ్రాఫులు గీసే యంత్రానికి ఉద్దేశించినవి. గీతకు ఇవతల మనిషి, అవతల యంత్రం. వాక్యాన్ని ఏ భాషలోకైనా మార్చవచ్చు. గీత తరువాతి అంకెలను మార్చరాదు. దశాంశ బిందువు స్థానంలో కామా వాడే భాషల్లో ఆ కామా కొలతల భాగంలోకి జారి లెక్కను పాడుచేస్తుంది; అందుకే అక్కడ అంకెల రూపాన్ని స్థిరంగా ఉంచే జాగ్రత్త మూలంలోనే తీసుకుంటారు. తెలుగు అంకెలు వాడదలచినా అవి గీతకు ఇవతలే ఉండాలి.

ప్లగిన్లలో సాధారణంగా కనిపించే ఒక దోషాన్ని గమనిస్తే విషయం స్పష్టమవుతుంది. కొలత తీయవలసిన ఆదేశం విఫలమై ఖాళీ ఫలితం వచ్చింది అనుకుందాం. ప్రోగ్రాము ఆ ఖాళీని సున్నాగా గ్రహించి, 'సున్నా హద్దుకు లోబడే ఉంది' అని తేల్చి 'ఓకే' అంటుంది. ఇక్కడ లెక్కలో తప్పు లేదు. 'నాకు తెలియలేదు' అనవలసిన చోట 'బాగానే ఉంది' అనడమే తప్పు. మరొక దోషంలో వాక్యం 'క్రిటికల్' అని చెబుతుంది, సంఖ్య మాత్రం 0గా వెళ్తుంది. వ్యవస్థ సంఖ్యను నమ్మి నిశ్శబ్దంగా ఉండిపోతుంది. హెచ్చరికలో సంఖ్య, మాట ఇద్దరు సాక్షుల వంటివి. ఇద్దరూ ఒకే మాట చెప్పేటట్లు చేయడమే పరిష్కరణ. ఈ వ్యాసంలోని వాదమంతా ఈ సూత్రం మీద నిలుస్తుంది.

3. నాలుగు స్థితులు, తెలుగు మాటలు:

ఈ నాలుగు స్థితులను తెలుగులో ఏమనాలి?

'ఓకే'కు తెలుగు తెరల మీద 'సరే' అన్న మాట స్థిరపడింది. బొత్తాం మీద అది సరైనదే. అక్కడ వాడుకరి అంగీకారం తెలుపుతున్నాడు. స్థితిని చెప్పేటపుడు 'సరే' నిలవదు. 'డిస్కు సరే' అన్న వాక్యం తెలుగు కాదు. ఆంగ్లంలో ఒకే మాట రెండు పనులు చేస్తే తెలుగు ఆ రెంటినీ వేరుగా పలుకుతుంది. 'ఉభయకుశలోపరి' అని మొదలయ్యే మన పాత ఉత్తరాలలో మొదటి పంక్తి ఒక స్థితి నివేదికే. అక్కడి మాట 'క్షేమం'. యంత్రాలకు 'సవ్యం' మరింత నప్పుతుంది. 'డిస్కు: సవ్యం' అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

'వార్నింగ్'కు 'హెచ్చరిక' అన్న మాటపై అభిప్రాయభేదం లేదు. దాని చరిత్ర మాత్రం గుర్తుంచుకోదగినది. దేవుని, రాజును కొలువుకు తోడ్కొని వచ్చేటపుడు పాడే పాటలకు హెచ్చరికలని పేరు. ఉత్సవ సంప్రదాయ కీర్తనలలోనూ వీటికి స్థానం ఉంది. అక్కడ హెచ్చరిక అంటే బెదిరింపు కాదు, మెలకువ. ఎదురుగా ఉన్నవారిని సావధానులను చేయడం. పర్యవేక్షణ వ్యవస్థలో మొదటి హద్దు చేసే పని కూడా ఇదే. 'ఇంకా ప్రమాదం రాలేదు, కనిపెట్టి ఉండు' అన్నదే దాని భావం. 'హెచ్చరిక' ఈ పాత అర్థాన్ని నిలుపుకొన్నంతకాలం వార్నింగ్‌కు అది చక్కటి సమానార్థకం.

'క్రిటికల్'కు యంత్రానువాదాలలోను, తొందరలో చేసిన అనువాదాలలోను 'క్లిష్టం' అన్న మాట తరచు కనిపిస్తుంది. ఇది పొరపాటు ఎంపిక. క్లిష్టమైనది అంటే తేలికగా అర్థం కానిది, లేక చేయడానికి కష్టమైనది. పద్యం క్లిష్టం కావచ్చు, ప్రశ్నపత్రం క్లిష్టం కావచ్చు. నిండిపోతున్న డిస్కు క్లిష్టం కాదు. ఈ స్థితికి సరిపోయే మాట పత్రికల్లో, ఆసుపత్రి వార్తల్లో ఎప్పటినుంచో ఉంది: 'విషమం'. రోగి పరిస్థితి విషమంగా ఉందంటే ఎంత వేగంగా కదలాలో తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. కొత్త పదం కల్పించనవసరం లేదు. ఉన్నదాన్ని గుర్తిస్తే చాలు.

'అన్‌నోన్'కు నిఘంటువు చూసి 'అజ్ఞాతం' అన్నవారున్నారు. అజ్ఞాతం అంటే దాచుకొన్నది, పేరు వెల్లడి కానిది. ఇక్కడి భావం అది కాదు. పరీక్షించబోతే ఫలితం తెలియరాలేదని. 'తెలియలేదు' అన్న క్రియారూపమే ఇక్కడ సమర్థం. 'తెలియదు' అంటే శాశ్వతమైన అజ్ఞానం ధ్వనిస్తుంది. 'తెలియలేదు' అంటే ఈసారి చేసిన ప్రయత్నం విఫలమైందని. తెలుగు క్రియ ఇచ్చే ఈ సౌలభ్యం మూలంలోని ఆంగ్లపదానికి లేదు.

'తెలియలేదు' స్థానం ఎక్కడన్న వివాదం మూలంలోనే కనిపిస్తుంది. అనేక పరీక్షల ఫలితాలను కలిపి ఒకే స్థితిగా చెప్పవలసి వచ్చినపుడు వాడే ప్రమేయాలు ప్లగిన్ల మూలంలో రెండున్నాయి. ఒక దానిలో 'అన్‌నోన్' అన్నిటికంటే అడుగున, 'ఓకే' కంటే కిందనే ఉంటుంది. రెండవ దానిలో అది 'ఓకే'కు పైన, 'వార్నింగ్'కు కింద ఉంటుంది. అంటే ఒకరి దృష్టిలో తెలియకపోవడం లెక్కలోకి రాని విషయం. మరొకరి దృష్టిలో అది క్షేమం కంటే హీనం. సంఖ్యను మాత్రమే చూస్తే 3 కాబట్టి అది 2 కంటే, అంటే విషమం కంటే కూడా తీవ్రమనిపిస్తుంది. ఒకే గ్రంథంలో ఒకే పదానికి మూడు స్థానాలు. ఏ స్థానం సరైనదన్నది గణితం తేల్చేది కాదు. ఏ సందర్భంలో చెబుతున్నామన్న విచక్షణ తేల్చేది.

4. తీరపు హెచ్చరికలు:

సంఖ్యను మెట్టుగా చదివే పొరపాటు కంప్యూటర్లకే పరిమితం కాదు. రేపల్లెకు దక్షిణాన ఉన్న నిజాంపట్నం హార్బరులో తుపాను వేళ ఎగరేసే సంకేతాల వార్తలను బాపట్ల, రేపల్లె ప్రజలు ఏటా చదువుతారు. 'మూడో నంబరు ప్రమాద హెచ్చరిక జారీ' అన్నది తెలుగు పత్రికలలో స్థిరపడిన వాక్యం. దీనిని భాషావిమర్శకు తీసుకుంటే కొన్ని విషయాలు బయటపడతాయి.

భారతీయ ఓడరేవులలో 1 నుండి 11 వరకు సంకేతాలున్నాయి. 1 దూరపు జాగ్రత్త సూచన. 2 దూరపు హెచ్చరిక. 3 స్థానిక జాగ్రత్త సూచన. 4 స్థానిక హెచ్చరిక. 5, 6, 7 ప్రమాద సంకేతాలు. 8, 9, 10 మహాప్రమాద సంకేతాలు. అంటే 'ప్రమాదం' అన్న మాట 5 నుండి గాని మొదలు కాదు. తెలుగు వార్తలో మాత్రం ఒకటో నంబరు కూడా 'ప్రమాద హెచ్చరిక'యే. జాగ్రత్త, హెచ్చరిక, ప్రమాదం, మహాప్రమాదం అన్న నాలుగు అంతరాలు ఒకే సమాసంలో కలిసిపోయాయి. మాట చేయవలసిన పనంతా అంకె మీద పడింది.

ఆ అంకె కూడా పాఠకుడు అనుకొనే మెట్టు కాదు. 5కు, 6కు తీవ్రతలో భేదం లేదు. తుపాను రేవును ఎడమవైపు ఉంచి దాటుతుందా, కుడివైపు ఉంచి దాటుతుందా అన్న దిశాభేదం మాత్రమే. 7 అంటే రేవు మీదుగా గాని, దానికి అతి సమీపంగా గాని దాటుతుందని. 8, 9, 10 మధ్య కూడా ఇదే క్రమం. ఇక 11 అన్నిటికంటే పెద్ద తుపాను కాదు. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, వాతావరణం విషమించవచ్చునని స్థానిక అధికారి భావిస్తున్నాడని దాని అర్థం. ప్లగిన్ భాషలో చెప్పాలంటే 11 అన్నది 'తెలియలేదు'. కంప్యూటర్లు రాకముందే ఓడరేవుల సంకేతావళి తెలియకపోవడాన్ని ఒక ప్రత్యేక స్థితిగా గుర్తించింది. దానికి క్షేమం కంటే పైన చోటిచ్చింది.

తెలియకపోవడం ఎంత ప్రమాదకరమో ఈ ప్రాంతానికి అనుభవంలోని విషయం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన రేపల్లెకు కృష్ణానది ఆవలి ఒడ్డున జరిగిన ఘోరం. టెలిఫోను, రోడ్డు సంబంధాలు తెగిపోవడంతో నష్టం పూర్తి స్వరూపం బయటి లోకానికి ఆలస్యంగా తెలిసింది. కబురు రాకపోవడాన్ని క్షేమంగా భావించరాదన్న పాఠం అక్కడ ఉంది. ఖాళీ ఫలితాన్ని సున్నాగా లెక్కించి 'ఓకే' అనే ప్లగిన్ ఈ పాఠానికి విరుద్ధంగా ప్రవర్తిస్తుంది.

భారత వాతావరణ శాఖ వాడుతున్న రంగుల పద్ధతి ఈ విషయంలో కొంత మేలు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు. పసుపు అంటే గమనిస్తూ ఉండాలి. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే చర్య తీసుకోవాలి. ఇక్కడ ప్రతి స్థితికీ ఒక క్రియ జతపడింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు గాని, 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి దిగువ లంకల ప్రజలు గట్ల వైపు చూస్తున్నప్పుడు గాని, ప్రజలకు కావలసింది అంకె కంటే ముందు ఆ క్రియ. అయితే ఈ పద్ధతి కూడా తెలుగు పత్రికలోకి వచ్చేసరికి 'ఆరెంజ్ అలర్ట్', 'రెడ్ అలర్ట్' అన్న పేర్లుగా మిగులుతున్నది. రంగు వచ్చింది; దానితో రావలసిన క్రియ రాలేదు. ప్లగిన్ సందేశాలను తెలుగు చేసేవారు ఈ అనుభవం నుండి గ్రహించవలసినది: స్థితి పేరుతో పాటు చేయవలసిన పని కూడా వాక్యంలో ఉండాలి.

5. పడిపోవడం, దారి తెగడం:

నాగియోస్ సేవలకు నాలుగు స్థితులు చెప్పినట్లే యంత్రాలకు మూడు స్థితులు చెబుతుంది: నిలిచి ఉంది, పడిపోయింది, చేరలేకపోతున్నాం. చివరి రెంటి భేదం తెలుగు విద్యార్థికి వివరించడానికి తెనాలి రైలు కూడలి చాలు. తెనాలి నుండి ఒక శాఖ వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె చేరి అక్కడితో ఆగుతుంది. బాపట్ల విజయవాడ – చెన్నై ప్రధాన మార్గంలో ఉంది. దానిని తెనాలి వైపు నుండే కాక చీరాల వైపు నుండి కూడా చేరవచ్చు. తెనాలి వద్ద పట్టాలు తెగితే రేపల్లె స్టేషను దెబ్బతిన్నదని చెప్పగలమా? చెప్పలేము. దాని సంగతి రైలు ద్వారా తెలిసే దారి లేదని మాత్రమే చెప్పగలం. బాపట్ల సంగతి అలా కాదు. మరో దారి ఉంది కాబట్టి అక్కడి నుండి పలుకు రాకపోతే దోషం బాపట్లలోనే ఉండవచ్చు.

పర్యవేక్షణ వ్యవస్థలో ఏ యంత్రానికి ఏది కూడలి అన్న సంబంధాన్ని ముందే రాసి ఉంచుతారు. అది సరిగా రాయకపోతే ఒక్క కూడలి పడిపోయినపుడు దాని వెనుకనున్న యాభై యంత్రాలూ పడిపోయినట్లు యాభై సందేశాలు వస్తాయి. అసలు దోషం ఉన్న ఒక్క సందేశం ఆ వెల్లువలో మునిగిపోతుంది.

తెలుగు అనువాదాలు ఈ రెండు స్థితులకూ 'అందుబాటులో లేదు' అన్న ఒకే మాట వాడే అవకాశం ఎక్కువ. ఫోను సందేశాల వల్ల ఆ మాట చెవికి అలవాటైంది. అది మర్యాదైన మాటే గాని కారణాన్ని దాస్తుంది. ఫోను తీయనివాడు, ఫోను కట్టేసినవాడు, సిగ్నలు లేనివాడు ముగ్గురూ అందుబాటులో లేనివారే. వరద వార్తలు రాసే విలేకరి భాషలో ఇంతకంటే నిర్దిష్టమైన మాటలున్నాయి: 'వంతెన కూలింది', 'రాకపోకలు తెగిపోయాయి'. మొదటిది వస్తువు స్థితి. రెండవది దారి స్థితి. వాటినే అనుసరించి 'పడిపోయింది', 'దారి తెగింది' అన్న జంటను ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

6. మూసవాక్యంలో విభక్తి:

ప్లగిన్ సందేశాలు మూసవాక్యాలు. 'ఫలానా' అన్న ఖాళీ గడి ఒకటి ఉంటుంది; యంత్రం పేరు గాని, అంకె గాని నడిచే సమయంలో అందులో వచ్చి పడుతుంది. ఆంగ్లంలో విభక్త్యర్థకాలు నామానికి ముందు విడి మాటలుగా ఉంటాయి కాబట్టి ఏ పేరు వచ్చినా వాక్యం చెడదు. తెలుగులో విభక్తి నామానికి అంటుకొంటుంది. అంటుకొనేటపుడు నామం చివరి అచ్చును బట్టి మారుతుంది.

మూడు సర్వర్లకు మన మూడు ఊర్ల పేర్లు పెట్టామనుకుందాం. అనువాదకుడు గడి పక్కన 'కు' చేర్చి 'ఫలానాకు కనెక్షన్ కుదరలేదు' అన్న మూస రాశాడు. 'బాపట్లకు కనెక్షన్ కుదరలేదు', 'రేపల్లెకు కనెక్షన్ కుదరలేదు' అన్నవి చక్కగా వస్తాయి. మూడవది 'తెనాలికు' అవుతుంది. ఏ తెలుగువాడూ అలా అనడు. ఇకారం మీద 'కు, ను' ప్రత్యయాల ఉకారం ఇకారమవుతుందన్న నియమాన్ని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే చెప్పాడు. 'తెనాలికి, తెనాలిని' అన్నవి సాధురూపాలు. 'బాపట్లకు, బాపట్లను', 'రేపల్లెకు, రేపల్లెను' అన్నవి వాటి జంటలు.

దీనికి మూడు పరిష్కారాలు ఆలోచించవచ్చు. మొదటిది 'కు' బదులు 'కి' పెట్టడం. వాడుకలో 'బాపట్లకి, రేపల్లెకి' అన్నవి విరివిగా వినిపిస్తాయి. 'తెనాలికు' మాత్రం ఎక్కడా వినిపించదు. కాబట్టి ఒక్క రూపమే ఎంచుకోక తప్పనిచోట 'కి' తక్కువ హాని చేస్తుంది. రెండవది మధ్యలో ఒక నామాన్ని నిలపడం: 'తెనాలి సర్వరుకు', 'బాపట్ల సర్వరుకు'. అప్పుడు విభక్తి ఎప్పుడూ 'సర్వరు'కే అంటుతుంది. గడిలో ఏ పేరు వచ్చినా దోషం లేదు. మూడవది వాక్యాన్నే మార్చడం: 'తెనాలి: కనెక్షన్ కుదరలేదు'. హెచ్చరికకు ఇది మరింత అనువైనది. పేరు ముందు, స్థితి తరువాత. విభక్తి అవసరమే ఉండదు.

సంఖ్యావాచకాల విషయంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. యంత్రంలో ఎందరు వాడుకరులున్నారో చెప్పే ప్లగిన్ ఒకటుంది. అంకె 1 అయితే ఏకవచనం, కాకపోతే బహువచనం అన్న రెండు మూసలను అనువాద సాధనాలు తెలుగుకూ అనుమతిస్తాయి. తెలుగుకు అది చాలదు. '3 ప్రాసెస్‌లు' అంటే మూడు. '3 వాడుకరులు' అంటే ముగ్గురు అని చదవాలి. మనుషులకు ఒకరు, ఇద్దరు, ముగ్గురు. కొంత సంఖ్య దాటాక 'మంది'. ఏ రెండు మూసలతోనూ ఇది కుదరదు. 'వాడుకరుల సంఖ్య: 3' అని తిప్పి రాస్తే ఇబ్బంది తొలగుతుంది. ఇది వ్యాకరణాన్ని సరళీకరించడం కాదు. వ్యాకరణం తెలిసినవాడు మాత్రమే చేయగల దారి మళ్ళింపు.

7. చివరికి వచ్చే వ్యతిరేకార్థం:

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. వ్యతిరేకార్థం క్రియకు అంటుకొని దానికంటే చివర వస్తుంది. సాహిత్యంలో ఇది సొగసు. హెచ్చరిక సందేశంలో ఇదే ఒక ముప్పు. సందేశాలు ప్రయాణంలో తెగిపోతాయి గనుక.

ఆంగ్లాక్షరాలలో ఒక ఎస్సెమ్మెస్ పరిమితి 160 అక్షరాలు. యూనికోడ్ లిపులలో అది 70 సంకేతాలకు తగ్గుతుంది. ఇవి మనం అక్షరాలని పిలిచేవి కావు. 'లక్ష్మి' కంటికి రెండక్షరాలు. యంత్రానికి ఏడు సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు కాబట్టి ఆ పేరు 21 బైట్లు. దూరపు యంత్రం నుండి ఫలితాన్ని తెచ్చే ఎన్ఆర్‌పీఈ పాత వెర్షన్లలో సందేశానికి 1024 బైట్ల హద్దు ఉండేది. అందులో పట్టేవి దాదాపు 341 తెలుగు సంకేతాలు మాత్రమే. తర్వాతి వెర్షన్లలో ఆ హద్దు సడలింది. కానీ ఫోను తెర మీది నోటిఫికేషన్‌లోనో, పట్టిక గడిలోనో వాక్యం తెగడం నేటికీ నిత్యానుభవం.

'రేపల్లె బ్యాకప్ పూర్తి కాలేదు' అన్న వాక్యం చివరి మాట వద్ద తెగితే మిగిలేది 'రేపల్లె బ్యాకప్ పూర్తి'. అర్థం తలకిందులైంది. ఆంగ్లంలో వ్యతిరేకార్థం క్రియకు ముందే వస్తుంది కాబట్టి వాక్యం తెగితే అసంపూర్ణమవుతుందే గాని సాధారణంగా విరుద్ధం కాదు. అందువల్ల ఆంగ్ల మూలంలో దోషం కానిది తెలుగు అనువాదంలో దోషమవుతుంది. మూలాన్ని యథాతథంగా అనుసరించిన అనువాదకుడు కూడా ఈ దోషానికి కర్త అవుతాడు.

పరిష్కారం స్థితివాచకాన్ని ముందుకు తేవడం: 'విషమం – రేపల్లె: బ్యాకప్ ఆగింది'. ఇందులో రెండు మార్పులున్నాయి. స్థితి మొదట వచ్చింది. 'పూర్తి కాలేదు' అన్న వ్యతిరేకరూపం స్థానంలో 'ఆగింది' అన్న అనుకూలరూపం వచ్చింది. చివర తెగినా అర్థం తిరగబడదు. ఖర్చు తగ్గించడానికి మాటలు కుదించిన టెలిగ్రాము భాషలో ఈ వివేకం ఉండేది. ముఖ్యమైన మాట ముందు, మిగతావి తరువాత.

8. దోషం ఎవరిది? పరిష్కరణ ఎవరి పని?

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షర సముదాయం ఐఫోన్లను స్తంభింపజేస్తున్నదన్న వార్త ప్రపంచమంతా వ్యాపించింది. 'జ్ఞా' అన్న అక్షరంలో ఒత్తుకు, దీర్ఘానికి మధ్య కంటికి కనిపించని ఒక విరామసంకేతం చేరినపుడు, ఐఓఎస్ 11.2.5లో దానిని తెరపై చూపించే ప్రోగ్రాము కుప్పకూలేది. ఫిబ్రవరి 19న వచ్చిన 11.2.6తో అది సవరణ పొందింది. అప్పటి వార్తలలో నింద అక్షరం మీద పడింది. దోషం అక్షరానిది కాదు. దానిని చదవలేని ప్రోగ్రాముది. పర్యవేక్షణ విషయంలో ఈ ఉదంతానికి ప్రత్యేక ప్రాముఖ్యం ఉంది. హెచ్చరికను చూపించే యంత్రమే తెలుగును చూపించలేక కూలిపోతే, చెప్పవలసిన దోషం వెనుకబడి, చెప్పే సాధనమే కొత్త దోషమవుతుంది. 'తెలుగుతో ఎందుకొచ్చిన గొడవ, ఆంగ్లమే ఉంచండి' అన్న వాదం ఇటువంటి సందర్భాల నుండే బలం పుంజుకొంటుంది. దానికి సమాధానం తెలుగును తప్పించడం కాదు. తెలుగు పాఠంతో ప్రోగ్రామును ముందుగా పరీక్షించడం.

అవసరాన్ని బట్టి రాత పద్ధతినే సవరించుకొన్న నిదర్శనం తెనాలి – రేపల్లె రైలుదారిలోనే ఉంది. 1892లో బయల్పడిన భట్టిప్రోలు ధాతుకరండ శాసనాలలోని బ్రాహ్మీ రూపంలో హల్లు తనంతట 'అ'కారాన్ని కలుపుకోదు. 'అ' పలకాలంటే గుర్తు ఉంచాలి. సామాన్య బ్రాహ్మిలో హల్లు మాత్రమే రాయడం ఎలా అన్న సందిగ్ధానికి అదొక పరిష్కారం. తరువాతి తెలుగు లిపి ఆ మార్గాన్ని అనుసరించలేదు. 'అ'కారాన్ని హల్లులోనే ఉంచి పొల్లు గుర్తుతో పని జరుపుకొంది. అన్ని సవరణలూ మూలంలో కలవవు. కలవని సవరణ కూడా సమస్యను స్పష్టం చేస్తుంది.

తెలుగులో పాఠపరిష్కరణకు దీర్ఘ సంప్రదాయం ఉంది. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పోల్చి చూసి పాఠాలు సిద్ధం చేయించాడు. ఆ పద్ధతిలోని ప్రధాన నియమాలు ప్లగిన్ సవరణకూ అన్వయిస్తాయి. దోషాన్ని ముందు మరొక ప్రతిలో సరిచూడాలి. సవరించేవాడు దోషం తన వద్దనే కాక మరొక యంత్రంలోనూ పునరావృతమవుతుందని చూపాలి. పాఠాన్ని అవసరమైనంతే మార్చాలి. నచ్చని శైలినంతా దిద్దరాదు. మార్పుకు కారణం నమోదు చేయాలి. పాత పాఠాన్ని చెరిపివేయరాదు. చివరి నియమాన్ని తాళపత్రాల లేఖకులు పాటించలేకపోయారు. అందుకే ప్రక్షిప్తాల సమస్య. తెరచిన మూలంలో ప్రతి మార్పుకూ కర్త, తేదీ, కారణం నిలిచి ఉంటాయి. ఈ ఒక్క విషయంలో నేటి పరిష్కర్త నిన్నటి పరిష్కర్త కంటే అదృష్టవంతుడు.

అయినా ఈ పనిలో తెలుగు శాఖల భాగస్వామ్యం స్వల్పం. ప్రోగ్రాము తెలిసినవారు మూసవాక్యాలు రాస్తున్నారు. విభక్తి తెలిసినవారు వాటిని చూడటం లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె వంటి పట్టణాల కళాశాలలలో తెలుగు తరగతి, కంప్యూటర్ తరగతి పక్కపక్కనే ఉన్నా వాటి మధ్య ఉమ్మడి ప్రశ్నపత్రం లేదు.

9. ఉపసంహారం:

ఈ పరిశీలనలో తేలిన విషయాలు ఇవి.

1. హెచ్చరికలో సంఖ్య, మాట పరస్పరం సరిపోవాలి. తుపాను వార్తలలో 'ప్రమాద హెచ్చరిక' అన్న ఒకే సమాసం అన్ని అంకెలకూ వాడటం వల్ల మాట తన విచక్షణను కోల్పోయింది. ప్లగిన్ల అనువాదంలో ఆ దోషం పునరావృతం కారాదు.

2. 'సవ్యం, హెచ్చరిక, విషమం, తెలియలేదు' అన్న నాలుగు మాటలు సేవల స్థితులకు, 'నిలిచి ఉంది, పడిపోయింది, దారి తెగింది' అన్న మూడు మాటలు యంత్రాల స్థితులకు సమర్థంగా ఉంటాయి. ఇవన్నీ వాడుకలో ఉన్నవే.

3. తెలియకపోవడాన్ని క్షేమంగా చూపడం అన్ని దోషాలలోకీ హానికరమైనది. ఓడరేవుల 11వ సంకేతం ఈ విషయంలో అనుసరణీయం.

4. మూసవాక్యాలలో ఖాళీ గడికి విభక్తిని నేరుగా అంటించరాదు. ఏ మూసనైనా 'తెనాలి, బాపట్ల, రేపల్లె' అన్న మూడు పేర్లతో చదివి చూడటం తేలికైన పరీక్ష.

5. స్థితివాచకం వాక్యం మొదట ఉండాలి. వ్యతిరేకరూపానికి బదులు వీలైనంతవరకు అనుకూలరూపం వాడాలి.

పరిశోధక విద్యార్థులు ఒక్కొక్క ప్లగిన్‌లోని సందేశాలను సేకరించి, పై అంశాలను బట్టి పరిశీలించి, సవరణలను మూల ప్రాజెక్టులకు పంపితే అది లఘు సిద్ధాంతవ్యాసానికి తగిన పని. దాని ఫలితం గ్రంథాలయపు అరలో ఉండిపోదు. ఏదో ఒక రాత్రి, ఏదో ఒక ఊళ్ళో, కాపలా ఉన్న ఉద్యోగి ఫోను తెర మీద అది చదవబడుతుంది. అతనికి ఆ వాక్యం తప్పు చెప్పకుండా చూడటం తెలుగు చదివినవారి బాధ్యతలలో ఒకటి.